యెజ్డి మీద మైసూరికి

2024 జూలైలో ఒక శనివారం తెల్లవారుజామున మా హోసూరు నుంచి మైసూరికి బండి మీద బయలుదేరాను. యాభై దాటినవాడు, అందులోనూ బ్యాంకు ఉద్యోగి, హాయిగా రైలెక్కక నలభై ఏళ్ళ నాటి మోటారు సైకిలు మీద నూట ఎనభై కిలోమీటర్లు పోవడమెందుకని ఇంట్లో అడగనే అడిగారు. మరునాడు అక్కడ పాత జావా, యెజ్డి బండ్లవాళ్ళు కలుసుకుంటారు. జూలై రెండో ఆదివారం ఇలా ఊరూరా చేరడం కొన్నేళ్ళుగా వస్తున్న ఆనవాయితీ. అక్కడికి బండిని లారీలో వేసుకుపోతే ఏం గౌరవం? నడుపుకుంటూనే పోవాలి.

ఆ బండి మా నాయనది. ఆయన తెలుగు పంతులు. 1982లో ఒకరి దగ్గర పాత బండిగా కొని, పల్లెబడులకు దానిమీదే తిరిగారు. ఈసారి వెనక సీటులో మా అబ్బాయి కూర్చున్నాడు. అత్తిబెలె దాటాక నా చెవి దగ్గర అరిచి అడిగాడు: “నాయనా, ఈ యెజ్డి అంటే ఏమి?” ఆ చప్పుడులో జవాబు చెప్పే వీలులేదు. మద్దూరులో ఆగినప్పుడు చెప్పాను. అప్పుడు చెప్పినదే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు జావా సంగతి. చెకొస్లొవేకియాలో ప్రాగ్ నగరంలో ఫ్రాంటిషెక్ యానెచెక్ అని ఆయుధాల కార్ఖానా యజమాని ఒకాయన ఉండేవాడు. 1929లో ఆయన జర్మనీకి చెందిన వాండరర్ సంస్థ నుంచి 500 సీసీ మోటారు సైకిలు తయారుచేసే హక్కులు కొన్నాడు. తన పేరులోని మొదటి రెండక్షరాలు ‘జె, ఏ’, ఆ సంస్థ పేరులోని మొదటి రెండక్షరాలు ‘డబ్ల్యూ, ఏ’ కలిపితే జావా అయింది. ఇండోనేషియా ద్వీపానికీ దీనికీ సంబంధం లేదు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ ఖరీదైన పెద్ద బండి అమ్ముడుపోలేదు. సంస్థ చిన్న టూ స్ట్రోకు బండ్లకు మళ్ళి నిలదొక్కుకుంది. యానెచెక్ 1941లో పోయాడు. నాజీల ఆక్రమణలో ఉండగానే అక్కడి ఇంజనీర్లు రహస్యంగా కొత్త 250 సీసీ బండికి రూపమిచ్చారు. యుద్ధం ముగిశాక, 1946లో, అది ప్రపంచానికి కనబడింది.

మన దేశానికి ఆ బండ్లు మొదట దిగుమతిగా వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ మారకం కరువై, వాహనాలను ఇక్కడే చేయాలన్న విధానం బలపడింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ మొదలైంది ఆ కాలంలోనే. జావా బండ్లు తెప్పించి అమ్ముతున్న బొంబాయి ఇరానీ కుటుంబీకులు కూడా కార్ఖానా పెట్టదలిచారు. వారిలో రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ ముఖ్యులు. మైసూరు పూర్వపు మహారాజు, అప్పటి రాష్ట్ర గవర్నరు జయచామరాజ వడయరు ప్రోత్సాహంతో యాదవగిరిలో ఐడియల్ జావా కార్ఖానా వెలిసింది. 1961లో మొదటి బండ్లు బయటికొచ్చాయి.

ఆ బండి తీరే వేరు. సిలిండరు ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు. కిక్కరూ గేరు లీవరూ ఒకటే, అదీ ఎడమ వైపు. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కరు, స్టార్టయ్యాక ముందుకు పడుకోబెడితే గేరు. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి, లీటరుకు సుమారు 40 మిల్లీలీటర్లు. ఏడాదికో రెండేళ్ళకో సైలెన్సర్లు విప్పి లోపలి మసి కాల్చకపోతే మొండికేస్తుంది. ఇవన్నీ తెలిసినవాడికి ఇంత నమ్మకమైన బండి మరొకటి లేదు.

1973 నుంచి ట్యాంకు మీద జావా పేరు పోయి యెజ్డి వచ్చింది. ఇరాన్‌లో యాజ్ద్ అనే ప్రాచీన నగరం ఉంది. జొరాస్ట్రియన్ మతస్థులకు అది పెద్ద నెలవు. పందొమ్మిదో శతాబ్దంలోనూ, ఆ తరువాతా, కరువులూ వేధింపులూ భరించలేక వారిలో ఎందరో బొంబాయి చేరారు. అంతకు కొన్ని శతాబ్దాల ముందే వచ్చినవారు పార్సీలు, తరువాత వచ్చిన వీరు ఇరానీలు. ఎన్నడో విడిచిన ఆ ఊరి పేరే మైసూరులో తయారైన బండి మీదికెక్కింది. ‘యెజ్డి’ అంటే ‘యాజ్ద్ వాడు’ అన్నమాట.

ఇక్కడికి వచ్చేసరికి మా వాడు చెయ్యెత్తి ఆపాడు. “అంటే మన ఇంటిపేరు లాగానా?” అన్నాడు. నేను అటు ఆలోచించనే లేదు. మా ఇంటిపేరు కూడా ఒక ఊరి పేరే. మా ఇంట్లో ఎవరూ ఆ ఊరు చూసి ఎరగరు. తరాల కిందట వలస వచ్చిన మన కుటుంబాలెన్నింటికో ఇంటిపేరొక్కటే మిగిలిన దస్తావేజు.

ఆ బండి ఎలా పోయిందో కూడా చెప్పాలి. అందులో మా ఊరి వంతు ఉంది. 1980లో హోసూరులోనే టీవీఎస్ 50 మోపెడ్ పుట్టింది. 1984లో ఇండ్-సుజుకి వచ్చింది, అదీ హోసూరు నుంచే. మరుసటి ఏడు హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100 దిగాయి. లీటరుకు ముప్పై ఇస్తే సంబరపడే యెజ్డి, ఆ తేలికపాటి జపాను బండ్ల ముందు నిలవలేకపోయింది. పైగా పొగ మీద నిబంధనలు బిగిశాయి. 1996లో కార్ఖానా మూతపడింది. ఆ తరువాత హైకోర్టు లిక్విడేషను, పేరు ఎవరికి చెందుతుందన్న వ్యాజ్యం. 2018లో జావా, 2022లో యెజ్డి పేర్లతో కొత్త సంస్థ ఒకటి కొత్త బండ్లను తెచ్చింది. వాటిలో ఉన్నవి ఫోర్ స్ట్రోకు ఇంజన్లు.

చదివింది కామర్సు కనుక నాకొక ఆలోచన వస్తుంటుంది. తరుగుదల వేసుకుంటూ పోతే మా బండి విలువ ఎప్పుడో సున్నా అయింది. రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకే ముగిసి, ఐదేళ్ళకొకసారి తనిఖీకి పెట్టి పొడిగించుకోవాలి. కంపెనీ లేదు, గ్యారంటీ లేదు. అయినా నడుస్తోందంటే మెకానిక్కుల చేతి చలవే.

మద్దూరు దాటాక బండి ఆగిపోయింది. 2023 ఆగస్టు నుంచి బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. కనుక మేము పక్కనున్న సర్వీసు రోడ్డులో ఉన్నాం. ప్లగ్గు విప్పి చూస్తే మసి. ఎమరీ కాగితంతో గీకుతుండగా మరో రెండు యెజ్డిలు వచ్చి ఆగాయి. ఎవరు, ఏ ఊరు అని అడక్కుండానే ఒకతను సంచిలోంచి కొత్త ప్లగ్గు తీసి చేతిలో పెట్టాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. “వచ్చేసారి ఇంకెవరికైనా ఇవ్వండి సార్” అని కన్నడంలో చెప్పి సాగిపోయాడు.

ఆదివారం కూటంలో బండ్లు వరుసగా నిలిచాయి. ఒక ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో బండి దగ్గరా ఆగుతూ వచ్చారు. కార్ఖానాలో గేరుబాక్సులు బిగించేవారట. మా ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, స్టార్టు చేయమన్నారు. చేశాను. కాసేపు విని, “క్లచ్చి కొంచెం బిగుతుగా ఉంది, వదులు చేయించండి” అన్నారు. మీ ఇంట్లో బండి ఉందా అని అడిగాను. లేదన్నారు. “ఇవన్నీ ఉన్నాయి కదా” అన్నారు నవ్వి.

తిరుగు ప్రయాణంలో మా అబ్బాయే నడిపాడు. పెట్రోలు బంకులో ఆయిలు కూడా తానే కొలిచి పోశాడు. ఇంటికి చేరాక, చేతులు తుడుచుకుంటూ అడిగాడు: “నాయనా, మన ఇంటిపేరు ఊరికి బండి మీద పోగలమా?”

దసరా సెలవులకు పోదామన్నాను. ఈలోగా సైలెన్సర్లు విప్పి మసి కాల్పించాలి. క్లచ్చి సంగతీ చూడాలి.