బొమ్మకారు మీద ఆ వెండి గీత ఎవరు గీశారు?

నా అరచేతిలో ఉన్న ఈ నల్ల అంబాసిడర్ చూడండి. గ్రిల్, బంపర్లు, హెడ్‌లైట్ల చుట్టూ రింగులు, అన్నీ వెండి రంగు. తలుపుల మీద సన్నటి బీడింగ్ మాత్రం ఎడమ వైపే ఉంది, గమనించారా? ఎందుకో చివర్లో చెప్తా.

మా నాన్న రాజమండ్రిలో ఇరవై ఏళ్లు అంబాసిడర్ కిరాయికి తిప్పారు. ఆ బండిని తుక్కుకి ఇచ్చేసిన రోజు ఆయన సరిగ్గా అన్నం కూడా తినలేదు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ 2014లోనే అంబాసిడర్ తయారీ ఆపేసింది. కొత్తది కొనిచ్చే ఛాన్సే లేదు. అందుకే ఆయన పుట్టినరోజుకి బొమ్మదైనా సరే, అచ్చం మా బండిలా చేసి ఇద్దామనుకున్నా. నలుపు బాగా కుదిరింది, అద్దంలా మెరిసింది. దాని మీద వెండి గీత వేస్తుంటే చెయ్యి వణికింది. థిన్నర్‌తో తుడిచా. వెండితో పాటు కింద నలుపు కూడా లేచొచ్చింది!

తల పట్టుకుని కూర్చున్నప్పుడు ఒక డౌట్ వచ్చింది. నేను ఒక్క కారుకే ఇంత అవస్థ పడుతున్నా కదా, మరి లక్షల బొమ్మకార్లకి ఈ వెండి రంగు ఎవరు వేసేవాళ్లు?

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కి వెళ్దాం. ఫ్రాంక్ హార్న్‌బీ పెట్టిన మెకానో కంపెనీ 1934 నుంచి డింకీ టాయ్స్ అనే పేరుతో చిన్న లోహపు కార్లు అమ్మింది. కరిగిన లోహాన్ని అచ్చులోకి పంపితే చాలా కార్లకి బాడీ, గ్రిల్, హెడ్‌లైట్లు అన్నీ ఒకే ముక్కగా వచ్చేవి. మొత్తానికీ ఒకే రంగు కొడితే గ్రిల్ కనపడదు. కాబట్టి రంగు ఆరాక, కావాల్సిన చోట మాత్రం మళ్లీ వెండి రంగు వేయాలి. అంటే ప్రతి కారుకీ ఒక అదనపు పని, ఒక అదనపు చెయ్యి.

లండన్‌లో లెస్నీ అనే ఇంకో కంపెనీ 1947లో మొదలైంది. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం టైమ్‌లో వీళ్లు చేసిన చిన్న గుర్రపు రథం పది లక్షలకు పైగా అమ్ముడైంది. వీళ్లలో ఒకరైన జాక్ ఓడెల్ వాళ్ల అమ్మాయి స్కూల్లో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తేవాలని రూల్ ఉండేదట. ఆయన ఆ సైజులో ఇత్తడి రోడ్ రోలర్ చేసిచ్చాడు. మ్యాచ్‌బాక్స్ కార్లు అలా పుట్టాయి. తొలి రోజుల మ్యాచ్‌బాక్స్ బొమ్మ దొరికితే జూమ్ చేసి చూడండి. అగ్గిపెట్టెలో పట్టే బండి ముందు భాగంలో వెండి చుక్కలు ఉంటాయి. ఒక్కోసారి కాస్త పక్కకు జరిగి కూడా ఉంటాయి. లెస్నీ ఫ్యాక్టరీల్లో పనిచేసిన వాళ్లలో చాలామంది చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు. వాళ్ల పేర్లు ఏ డబ్బా మీదా లేవు.

1968లో అమెరికా నుంచి మాటెల్ కంపెనీ హాట్ వీల్స్ దింపింది. పదహారు కార్లు. మెరుగుపెట్టిన లోహం మీద పారదర్శకమైన రంగు కొట్టారు, కారంతా మిఠాయిలా మెరిసింది. పిల్లలు గ్రిల్ వైపు చూడటం మానేసి స్పీడ్ చూశారు. తర్వాత 1974లో హాట్ వీల్స్ మీదికి టాంపో ప్రింటింగ్ వచ్చింది. చెక్కిన పలకలో ఉన్న సిరాని మెత్తటి దిమ్మ ఎత్తుకుని కారు మీద అద్దుతుంది. చేతి వణుకు అనే సమస్యే లేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఆ పని ఆటోమేట్ అయిపోయింది.

మన దేశానికీ ఇందులో వాటా ఉంది. 1960ల చివర్లో డింకీ పాత అచ్చులు కొన్ని కలకత్తాకి వచ్చాయి. వాటితో నిక్కీ టాయ్స్ పేరుతో ఇక్కడే కార్లు పోశారు.

ఇంకో పక్క, అమెరికాలో ఏఎమ్‌టీ కంపెనీ 1958లో త్రీ ఇన్ వన్ కిట్లు తెచ్చింది. ముక్కలు మనమే అతికించుకోవాలి. బంపర్లకి క్రోమ్ పూత వేసి ఇచ్చేవాళ్లు, కానీ తలుపుల మీద బీడింగ్ బాడీతో పాటే అచ్చులో వచ్చేది. దానికి పూత వేయలేరు కదా. ఫ్యాక్టరీ చెయ్యి చేసే పని ఇప్పుడు ఇంట్లో కూర్చున్న కుర్రాడి చేతికి వచ్చింది. ఆ కుర్రాళ్ల వారసుడినే నేను.

సరే, నా నలుపు ఎందుకు లేచిపోయింది? ఆ జవాబు నాన్న దగ్గర దొరికింది. దాచిపెట్టిన కారు ఆయన కంట పడిపోయింది, సర్‌ప్రైజ్ కాస్తా గోవిందా. చూసి నవ్వారు. "డ్యూకో మీద డ్యూకో థిన్నర్ పెడితే ఊడక ఏమవుద్ది రా?"

మన గ్యారేజీల్లో కారు రంగుని డ్యూకో అంటారు కదా, అది నిజానికి అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ 1923లో తెచ్చిన లక్కర్ పేరు. అంతకుముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది, ఇది గంటల్లో ఆరిపోయింది. ఎందుకంటే ఇందులో థిన్నర్ గాల్లోకి పోతే చాలు, రంగు గట్టిపడుతుంది. అదే థిన్నర్ మళ్లీ తగిలిందా, మళ్లీ కరుగుతుంది. ఎనామిల్ అలా కాదు. అది గాలితో కలిసి గట్టిపడుతుంది, దాన్ని పల్చన చేయడానికి టర్పెంటైన్ చాలు. టర్పెంటైన్ బాగా ఆరిన లక్కర్‌ని కదిలించదు.

అంటే రూల్ ఇది: కింద లక్కర్, బాగా ఆరనివ్వాలి. పైన ఎనామిల్ వెండి. బ్రష్ మొనతో కాదు, పక్కవాటుగా, ఉబ్బెత్తుగా ఉన్న గీత మీద రాసుకుంటూ పోవాలి. తప్పు జరిగితే ఇయర్ బడ్‌ని టర్పెంటైన్‌లో ముంచి, పిండి, తుడిచేయాలి. నేను భయపడిన ఆ నున్నటి మెరుపే ఇక్కడ కాపాడుతుంది. గరుకు రంగు మీదైతే వెండి రేణువులు ఇరుక్కుని రావు.

మళ్లీ మొదటి నుంచి వేశా. రెండు వైపులా బీడింగ్ గీసి, పొద్దున్నే నాన్నకి చూపించా. తిప్పి తిప్పి చూశారు.

"కుడి వైపు మన బండికి బీడింగ్ లేదురా. 2003 పుష్కరాల రద్దీలో ఎడమ వైపు ఆటో గీరేసింది. రంగు వేయిస్తే బండి రెండు రోజులు షెడ్డులో ఉండాలి. పుష్కరాల్లో రెండు రోజుల కిరాయి ఎవడు వదులుకుంటాడు? అందుకే గీత మీద బీడింగ్ కొట్టించా."

నేను చిన్నప్పటి నుంచి అది అందం కోసం అనుకున్నా.

ఇయర్ బడ్ తీసుకుని కుడి వైపు గీత తుడిచేశా. రాత్రే వేసింది కాబట్టి వచ్చేసింది, కింద నలుపు చెక్కుచెదరలేదు. ఇప్పుడు ఈ కారు మా ఇంట్లో టీవీ పక్కన ఉంది, ఎడమ వైపు కనపడేలా నాన్నే తిప్పి పెట్టారు.

మీ ఇంట్లో పాత బొమ్మకారు ఏదైనా ఉంటే ఒకసారి వెతికి దాని గ్రిల్ చూడండి. ఏం కనిపించిందో కామెంట్‌లో చెప్పండి.