ప్రొసెక్కోకి మిర్చిబజ్జీ, కల్లుకి గుడాలు

అమీర్‌పేట మైత్రీవనంలో జావా నేర్చుకుని, వీసా కొట్టి విమానమెక్కిన మనవాళ్ళకి అక్కడి ఆఫీసు పార్టీలో చాలాసార్లు చేతికందేది ప్రొసెక్కో. ఇటలీ ఈశాన్యంలో తయారయ్యే నురగల తెల్లవైను. 'చవకరకం షాంపేను' అని తీసిపారేస్తుంటారు గానీ, నాకైతే మన కల్లుకి దూరపు చుట్టంలా కనిపిస్తుంది. నవ్వకండి, చెప్తాను.

రెండింట్లోనూ బుడగలు ఈస్టు పుణ్యమే. చక్కెర తిని ఆల్కహాలూ, బొగ్గుపులుసు వాయువూ వదులుతుంది. కల్లు లొట్టిలో ఆ వాయువు గాల్లో కలిసిపోతుంది. షాంపేన్‌వాళ్ళు సీసాలోనే రెండోసారి పులియబెట్టి దాన్ని బంధిస్తారు, సీసా సీసాకీ చాకిరీయే. 1895లో ఆస్టి ఊళ్ళో ఫెదెరికో మార్టినోటి అనే ఆయన అదే పనిని మూతేసిన పెద్ద ట్యాంకులో కానిచ్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1907లో ఫ్రాన్సులో యూజీన్ షార్మా దాన్ని మెరుగుపరిచి ఇంకో పేటెంటు కొట్టాడు, పేరు ఎక్కువగా ఆయనకే పోయింది (మన ఫీల్డులో జరగనిదేం కాదు లెండి :)). నెలలూ ఏళ్ళూ పట్టే పని వారాల్లోకి వచ్చింది, పండు వాసనా నిలిచింది.

అసలు తెలివంతా 2009లో చూపించారు. అప్పటిదాకా ప్రొసెక్కో అంటే ద్రాక్షరకం పేరు కూడా. రకం పేరైతే ఎవరైనా ఎక్కడైనా నాటి ఆ పేరుతోనే అమ్ముకోవచ్చు. అందుకని ద్రాక్షకి 'గ్లేరా' అన్న పేరు ఖాయం చేసి, ప్రొసెక్కోని ప్రాంతం పేరుగా మార్చేశారు. త్రియెస్తె దగ్గర ఆ పేరుతో ఓ ఊరుండటం కలిసొచ్చింది. వేరియబుల్‌ని రీనేమ్ చేసి నేమ్‌స్పేస్ లాక్ చేసినట్టన్నమాట.

రుచి సంగతి. 6-8 డిగ్రీల చల్లదనంలో తాగాలి. పచ్చ ఆపిల్, పియర్, తెల్లపూల వాసన. లేబుల్‌తో జాగ్రత్త: లీటరుకి 12 గ్రాముల లోపు చక్కెర ఉంటే 'బ్రూట్', 12-17 అయితే 'ఎక్స్‌ట్రా డ్రై', 17-32 అయితే 'డ్రై'. అంటే డ్రై అన్నదే వీటిలో తియ్యనిది! మన కారానికి ఎక్స్‌ట్రా డ్రై మేలు, ఆ కాస్త తీపి మంటని తగ్గిస్తుంది. మిర్చిబజ్జీ, పునుగులు, అపోలో ఫిష్‌తో బ్రహ్మాండం, పులుపూ బుడగలూ కలిసి నూనెజిడ్డుని కడిగేస్తాయి. గోంగూర మాంసం దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. గోంగూర పులుపు ముందు ఏ వైనైనా నీళ్ళే.

ఇక కల్లు. పొద్దున తియ్యగా, సాయంత్రానికి ఘాటుగా, మర్నాటికి పుల్లగా. గుడాలూ, బోటీ వేపుడూ పక్కనుంటే వేరే సొమెలియే అక్కర్లేదు. కానీ దీన్ని ట్యాంకులో ఆపే మార్టినోటీ మనకి దొరకలేదు, పేరుని కాపాడే 2009 చట్టమూ రాలేదు. చెట్టు నుంచి గంటల్లో గొంతు దిగాల్సిన సరుకు చెట్లే లేని నగరంలో అమ్మాలంటే కల్తీకి దారి తెరిచినట్టే. 2004లో హైదరాబాదులో కల్లు దుకాణాలు మూయించారు, 2014 దసరాకి మళ్ళీ తెరిచారు. 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ వచ్చింది, అది పులియని రసం, అంటే బుడగలు పుట్టకముందే ఆపేసినది. 2025 జూలైలో మైత్రీవనం నుంచి మెట్రోలో కాసేపట్లో చేరే కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. అందులో కలిపింది ఆల్ప్రజోలం, నిద్రమందు.