కాలశ్రేణి డేటాబేసులలో శ్రేణుల గణనము

కాలశ్రేణి డేటాబేసు అనగా ప్రతి కొలతను అది తీసిన కాలముతో జతపరచి భద్రపరచు దత్తాంశాగారము. కొలత పేరును, దానికి తగిలించిన ట్యాగుల విలువలును కలిసి ఒక శ్రేణిని నిర్ణయించును. పరస్పరభిన్నములగు అట్టి శ్రేణుల సంఖ్యకే కార్డినాలిటీ యని వ్యవహారము. ఆగారముపై పడు భారమును తెలుపుటలో చేరిన విలువల మొత్తముకంటె ఈ సంఖ్యయే ప్రధానము. ఒకే శ్రేణిలోని విలువలు మిక్కిలి కుదించుకొనును. ఫేస్‌బుక్ వారు 2015లో వివరించిన గొరిల్లా పద్ధతిలో 16 బైట్ల బిందువు సగటున 1.37 బైట్లలో ఇమిడినది. క్రొత్త శ్రేణి పుట్టినప్పుడెల్ల మాత్రము ఇండెక్సులో దానికి వేఱుగ స్థానము కల్పింపవలసియుండును.

ఆదిలో ఈ గణనము సమస్యయే కాదు. ఆర్బిట్జ్ సంస్థలో క్రిస్ డేవిస్ 2006లో ఆరంభించిన గ్రాఫైట్‌లో శ్రేణికొక ఫైలుండెను గనుక ఫైళ్లను లెక్కించిన చాలును. స్టంబుల్‌అపాన్‌లో పుట్టి 2010లో వెలువడిన ఓపెన్‌టీఎస్‌డీబీయు, సౌండ్‌క్లౌడ్‌లో 2012లో మొదలైన ప్రొమీథియస్‌యు, 2013 నాటి ఇన్‌ఫ్లక్స్‌డీబీయు ట్యాగుల పద్ధతి నవలంబించుటతో పరిస్థితి మారినది. 200 యంత్రములు, 50 చిరునామాలు, 5 ఫలితసంకేతములు గల సేవలో శ్రేణులు 50,000 వఱకు పోవచ్చును. అందు లక్షమంది వినియోగదారుల గుర్తింపుసంఖ్యను ట్యాగుగా చేర్చినచో పరిమితి 500 కోట్లగును. ఈ గుణకారలబ్ధము పైహద్దు మాత్రమే; నిజముగా సంభవించిన కలయికలెన్నియో చూచి లెక్కించిననే గాని తెలియదు. పైగా కంటెయినర్లు నిత్యము పుట్టి గిట్టుచు క్రొత్త పేర్లు ధరించుటచే, ఆగిపోయిన శ్రేణులును గడువు తీరువఱకు ఇండెక్సులో నిలిచియుండును. కావుననే ఇప్పుడు సాగుచున్న శ్రేణులను, నిలువయున్న సమస్త శ్రేణులను వేఱ్వేఱుగ లెక్కింపవలెను. ప్రొమీథియస్ తన మెమరీలోని ఇటీవలి కొన్ని గంటల శ్రేణుల సంఖ్యను తానే ఒక కొలతగా ప్రకటించును.

ఇన్‌ఫ్లక్స్‌డీబీ తొలి రూపములలో ఇండెక్సంతయు మెమరీలోనే యుండుటచే లెక్క సులభమేకాని, శ్రేణులు పెరిగినకొలది యంత్రము క్రుంగిపోయెడిది. డేటాబేసుకు పది లక్షల శ్రేణులని డిఫాల్టు పరిమితి విధించిరి. 2017లో ఇండెక్సును డిస్కుపైకి తరలించుట ఆరంభమైన పిమ్మట అది కాలఖండములుగా విభక్తమైనది. ఒకే శ్రేణి పలు ఖండములందు కానవచ్చును గనుక ఖండసంఖ్యలను కూడినచో ఆ శ్రేణి పలుమార్లు లెక్కకు వచ్చును. ఖండములన్నిటి జాబితాలను పోల్చి చూచుట మిక్కిలి వ్యయప్రయాసములతో గూడిన పని.

ఈ చిక్కును విడదీసిన గణితము అప్పటికి మూడు దశాబ్దములకు పైబడినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫిలిప్ ఫ్లాజొలే, నైజెల్ మార్టిన్‌తో గూడి 1980ల ఆరంభమున ప్రతిపాదించిన సంభావ్యతాగణనము, ఆయన సహచరులతో 2007లో ప్రకటించిన హైపర్‌లాగ్‌లాగ్‌గా పరిణమించెను. ప్రతి పేరును హాష్ చేసి ద్వ్యంకసంఖ్యగా మార్చి, దాని మొదట వరుసగ నెన్ని సున్నలున్నవో చూతురు. పది సున్నలతో ఆరంభమగు సంఖ్య సగటున 1,024 పేర్లకొకటి తగులును గనుక, సున్నల గరిష్ఠదైర్ఘ్యమే భిన్నవస్తువుల సంఖ్యను సూచించును. పేరెన్నిమార్లు వచ్చినను హాష్ మారదు గనుక పునరుక్తి బాధింపదు. ఒక్క గరిష్ఠమును నమ్ముట ప్రమాదకరము గనుక వేలకొలది గడులలో గరిష్ఠములను వ్రాసికొని హరాత్మక మధ్యమము తీయుదురు. 16,384 గడులున్నచో దోషము సుమారు 0.81 శాతము. రెండు ఖండముల గడులలో ఆయా గడికి పెద్దదానిని గ్రహించినచో సమ్మేళనపు లెక్క లభించుట ఈ విధానపు సౌందర్యము. ఉమ్మడి శ్రేణి రెండుమార్లు లెక్కకు రాదు.

ఇన్‌ఫ్లక్స్‌డీబీ ఈ అంచనాను ఒక ఆజ్ఞగాను, కచ్చితమైన లెక్కను మఱియొక ఆజ్ఞగాను అందించినది. తొలగింపుల విషయమున ఒక లోపము కలదు. గడిలో చేరిన గరిష్ఠమును వెనుకకు తీయుట సాధ్యము గాదు. కావున తొలగించిన శ్రేణులకు వేఱొక గడులసముదాయమును నిలిపి, ఒక అంచనానుండి మఱియొక దానిని తీసివేయుదురు. తొలగింపులు విస్తారముగ జరిగినచోట రెండు అంచనాల దోషములును శేషముపై బడును గనుక, కచ్చితపు ఆజ్ఞ నెంత కాలము పట్టినను ప్రయోగింపవలసివచ్చును.