రైల్వేవారి స్వకీయ దూరవాణి: తూర్పుతీర మార్గమున నొక పరిశీలన

ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా రాజులవెంట కదలిన సేనలను, మగ్గములతో వలసపోయిన నేతగాండ్రను, నల్లరేగడి భూములను వెదకికొనిపోయిన కర్షకులను పేర్కొందురు. ఇనుపదారివెంట సాగిన వలస వీనికంటె అర్వాచీనమైనది. బెజవాడనుండి కటకమువరకు గల తూర్పుతీరపు రైలుమార్గము 1893–1896 సంవత్సరముల నడుమ నిర్మింపబడెను. 1901లో వాల్తేరునకు దక్షిణపు భాగము మద్రాసు రైల్వేకును, 1902లో ఉత్తరపు భాగము బెంగాలు-నాగపూరు రైల్వేకును సంక్రమించెను. బరంపురమున తెలుగువారు అంతకు పూర్వమునుండియు నుండిరి. గంజాము జిల్లా 1936 వరకు మద్రాసు రాజధానిలోనిదే గదా. ఖుర్దారోడ్డునకు ఆనుకొనిన జట్నివంటి రైల్వే ఊళ్లలో మాత్రము తెలుగు కుటుంబములు పెక్కు కొలువుల ననుసరించి వచ్చి నిలిచినవి. ఆ కొలువులలో పట్టాలతోపాటు మాటను మోయు తంతి యొకటి కలదు. దాని చరిత్ర ఇంతవరకు తగినంతగా పరిశీలింపబడలేదు.

ఒక సంస్థ తనవారు తనవారితో మాటలాడుకొనుటకు ప్రత్యేకమైన తంతిని ఏల కోరును? మనదేశమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములందు ప్రజలకొరకు టెలిఫోను ఎక్స్చేంజీలు 1882లో ఆరంభమైనవి. పట్టణములలోని వర్తకులకు అవి చాలినవి. రైల్వేకు చాలవు. ఏకమార్గముపై ఎదురెదురుగా వచ్చు రెండు బండ్లలో దేనిని ఏ స్టేషనులో ఆపవలెనో నిర్ణయించుటకు నిమిషములే వ్యవధి. ఆ సమయమున ఊరివారి సంభాషణ ముగియువరకు వేచియుండుట పొసగదు. అయినను తంతిపై అధికారము సర్కారుదే. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ఆ హక్కును ప్రభుత్వమునకే పరిమితము చేసి, ఇతరులకు అనుమతిపత్రముద్వారా మాత్రమే అవకాశ మిచ్చెను. అందుచేత చిరకాలము రైల్వేవారు తపాలా తంతిశాఖవారి స్తంభములపై సాగిన తంతులను అద్దెకు గైకొని వాడుకొనిరి.

ఈ తంతులలో ముఖ్యమైనది కంట్రోలు టెలిఫోను. ఒక భాగమునందలి స్టేషనులన్నియు ఒకే జంటతంతికి తగిలింపబడి యుండును. కంట్రోలు ఆఫీసులోని కంట్రోలరు ఎల్లప్పుడును వినుచునే యుండును. స్టేషను మాస్టరు చేతిఫోను ఎత్తి, తన స్టేషను పేరు చెప్పి మాటలాడిన చాలును. గంట మ్రోగింప నక్కరలేదు. కంట్రోలరు పిలువవలసివచ్చినప్పుడు మాత్రము సంకేతమును పంపును; అది ఏ స్టేషనుకు చెందినదో ఆ స్టేషను గంట మాత్రమే మ్రోగును. ఒకరి మాట అందరికి వినబడుటయే ఈ ఏర్పాటునందలి విశేషము. ముందరి స్టేషనులో బండి నిలిచినదని వెనుకటి స్టేషనువారు అడుగకయే తెలిసికొనుచుండిరి.

కాని మాట గాలిలో కలసిపోవును. బండిని పంపవచ్చునని తాను చెప్పలేదని ఒకరును, చెప్పితివని మరియొకరును వాదించినచో సాక్ష్యమేది? దీనికి రైల్వేవారు కనుగొనిన ఉపాయము ప్రైవేటు నెంబరు. రెండంకెల సంఖ్యలు వరుసక్రమము లేకుండ అచ్చువేయబడిన కాగితమొకటి స్టేషను మాస్టరు స్వాధీనమున నుండును. అనుమతి నిచ్చువాడు దానిలోని తరువాతి సంఖ్యను చదివి, దానిని కొట్టివేయును. వినినవాడు దానిని తన పుస్తకమున నెక్కించును. లెవెలుక్రాసింగు గేటు మూసితినని గేటుమాను చెప్పునప్పుడును ఇట్టి సంఖ్యయే హామీ. వరుస లేని సంఖ్య గనుక దానిని ఊహించి చెప్పుటకు వీలులేదు. మాట నిజముగ జరిగినదనుటకు రెండుచోట్ల గుర్తు మిగులును. తెలుగు, ఒడియా, బెంగాలీ మాతృభాషలుగా గల ఉద్యోగులు ఒకే తంతిపై పనిచేయుచోట, పలుకుబడి ఎట్లున్నను రెండంకెలు ఉభయులకు సమానములైనవి.

స్వాతంత్ర్యానంతరము పరికరములు మారినవి. 1948లో బెంగుళూరున ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ స్థాపింపబడెను. ఆ కర్మాగారమున్న పేట నేటికిని దూరవాణినగరమని పిలువబడుచున్నది. 1957లో సికింద్రాబాదున సిగ్నలు, టెలికమ్యూనికేషను విద్యలకై రైల్వేవారి శిక్షణాలయము వెలసెను. ఇంచుమించు ఆ కాలముననే 25 కిలోవోల్టుల ఏకాంతర విద్యుత్తుతో బండ్లు నడుప నిశ్చయించిరి. అట్టి విద్యుత్తు ప్రవహించు మార్గమున ప్రక్కనున్న స్తంభపు తంతులలో అనవసరపు విద్యుత్తు పుట్టి మాటను చెరచును, మనిషికిని అపాయము. కావున విద్యుదీకరణము జరిగినచోట్ల తంతులు భూగర్భ కేబులులోనికి దిగినవి. కేబులుతోపాటు దాని పోషణభారమును రైల్వేదే అయ్యెను.

పిమ్మట గాజుపోగుల కాలము వచ్చెను. రైలుమార్గములవెంట నున్న ఆప్టికల్ ఫైబరును వినియోగించుటకై 2000లో రైల్‌టెల్ సంస్థ ఏర్పడెను. ఇంటర్నెట్టు పద్ధతిపై మాటను పంపు ప్రమాణములలో ఒకటి 1996లోను, సిప్ అనునది 1999లోను వెలువడినవి. ఈ పద్ధతిలో ధ్వనిని సెకనునకు 8,000 మారులు కొలిచి, ప్రతి కొలతను 8 బిట్ల సంఖ్యగా మార్చుదురు. ఆ ప్రవాహమును 20 మిల్లీసెకనుల తునకలుగా ఖండించినచో ఒక్కొక్క తునక 160 బైట్లగును. దానిపై చిరునామా మున్నగునవి మరి 40 బైట్లు చేరును. అనగా మాటకు నాల్గవవంతు అదనపు భారము. ప్రతి ఫోనును ముందుగా సర్వరు వద్ద తన పేరు నమోదు చేసికొనును. సర్వరు పెండ్లిండ్ల పేరయ్యవంటిది: ఉభయులను కలుపును, ఆపై మాట సాధారణముగా ఒక ఫోనునుండి మరియొకదానికి నేరుగా పోవును. ఒకవైపు ఆలస్యము 150 మిల్లీసెకనులు మించినచో సంభాషణ కుంటుపడును. అందుచే అదే ఫైబరుపై పోవు లెక్కలపత్రములకంటె మాటల తునకలకు ముందుదారి నియ్యవలెను.

ఈ మార్పున లాభముతోపాటు నూతనమైన బాధ్యతయు కలదు. పూర్వపు ఆటోమేటిక్ ఎక్స్చేంజి ఫోనునకు విద్యుత్తు ఎక్స్చేంజి బ్యాటరీనుండి తంతిద్వారానే అందుచుండెను. ఊరంతయు చీకటియైనను ఫోను పలుకుచుండెను. కొత్త ఫోనునకు గాని, దారిలోని స్విచ్చికి గాని విద్యుత్తు పోయినచో గొంతు మూగవోవును. ప్రతి స్టేషనులో బ్యాటరీ నిలువ, రెండవ సర్వరు, రెండవ దారి ముందుగా సమకూర్చుకొననిచో సొంత వ్యవస్థ యనుట పేరునకే. 1885 చట్టమునకు బదులుగా 2023లో నూతన చట్టము చేయబడినను, ప్రజల టెలిఫోనునకును సంస్థ టెలిఫోనునకును నడుమ గల సరిహద్దు ప్రభుత్వ నిబంధనలకు లోబడియే యున్నది.

పరికరము లెన్ని మారినను ప్రైవేటు నెంబరు అనేకచోట్ల నిలిచియున్నది. ఎవరు ఎవరిని పిలువవచ్చును, చెప్పినమాటకు గుర్తేమి, తంతి తెగినచో కర్తవ్యమేమి అను మూడు ప్రశ్నలకు సమాధానము లేక స్వకీయ దూరవాణి ఏర్పడినదని చెప్పరాదు.

చరిత్రకారునకు ఇందొక చింత కలదు. తూర్పుతీరమున తరతరములుగా తంతిపై పనిచేసిన తెలుగువారి సంభాషణ లేవియు మిగులలేదు. మిగిలినవి పుస్తకములలోని రెండంకెలు మాత్రమే. ఆ పుస్తకములను కూడ నిర్ణీతకాలము గడచిన పిమ్మట తీసివేయుదురు. బరంపురము, ఖుర్దారోడ్డు ప్రాంతములందు విశ్రాంతి గైకొనిన వృద్ధోద్యోగులు నేటికిని కలరు. వారి నోట ఆనాటి పనివిధానమును, తంతిపై వాడిన మిశ్రభాషను సేకరించుట తెలుగు సంఘములు ఆలస్యము చేయక చేపట్టదగిన కార్యము.