బాండు పేపరు మీద సంతకానికి ముందు ఒక చరిత్ర



ఈసారి కొంచెం పెద్దగానే రాస్తున్నాను. తీరికగా చదవండి. రోడ్డు మీద ఎవరో మనని గుద్దితే, కాలో చెయ్యో పోతే, డబ్బు అడగడం మన హక్కా, గుద్దినవాడి దయా? ఈ ప్రశ్నకు జవాబు రావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. ఆ కథ తెలియకపోవడం వల్లనే మన చామోర్షి, ఆష్టి, ఆలాపల్లి, సిరొంచ దారుల్లో చాలా ఇళ్లు నష్టపోతున్నాయి.

1808లో ఇంగ్లండులో ఒక గుర్రపు కోచి బోల్తా పడింది. అందులో ఉన్న ఒకాయన భార్యకు దెబ్బలు తగిలి, నెల రోజుల తరవాత ఆమె చనిపోయింది. ఆయన కోర్టుకు వెళ్లాడు. జడ్జి లార్డ్ ఎలెన్‌బరో ఇచ్చిన తీర్పు ఏమిటంటే, ఆమె బతికి ఉన్న ఆ నెల రోజుల నష్టానికి మాత్రమే పరిహారం ఉంటుంది, చావుకు సివిల్ కోర్టులో పరిహారం ఉండదు. అంటే గుద్దినవాడికి మనిషి గాయపడి బతకడం కంటే చావడమే చవక. ఆ అన్యాయం ముప్పై ఎనిమిది ఏళ్లు నడిచింది. రైళ్లు వచ్చి ప్రమాదాలు పెరిగాక, 1846లో ఇంగ్లండు పార్లమెంటు దాన్ని మార్చింది.

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణేకు నడిచింది. రెండేళ్లకే, 1855లో, ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. చనిపోయినవాడి భార్య, పిల్లలు, తల్లిదండ్రులు పరిహారం అడగవచ్చు అని మొదటిసారి రాసింది ఆ చట్టమే. కానీ ఒక మెలిక ఉంది. తప్పు ఎదుటివాడిదే అని మనమే రుజువు చెయ్యాలి. దావా సివిల్ కోర్టులో వెయ్యాలి, కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్లు తిరగాలి. పేదవాడికి ఆ హక్కు కాగితం మీదే మిగిలింది.

నేను రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాడిని కాబట్టి ఈ మాట చెప్పడం నాకు ఇష్టం. ఆ మెలికను ముందుగా తీసింది రైల్వే చట్టమే. 1943లో 82ఏ అనే సెక్షను చేర్చారు. రైలు ప్రమాదంలో ప్రయాణికుడికి దెబ్బ తగిలితే తప్పు రైల్వేదా కాదా అని చూడకుండా, పదివేల రూపాయల హద్దు లోపల పరిహారం ఇవ్వాలి. తరవాత ఆ హద్దు పెరుగుతూ వచ్చి, 2017 జనవరి 1 నుంచి చావుకు 8 లక్షలైంది. రోడ్డు మీద మనిషికి మాత్రం ఈ సంగతి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మన గడ్చిరోలి జిల్లాలో రైలు ఉన్నది వడ్సాలోనే. మిగతా బతుకంతా రోడ్డు మీదే. అందుకని రోడ్డు చట్టం కథ మనకు ఎక్కువ అవసరం.

మోటారు వాహనాల చట్టం 1939లో వచ్చింది. బండి నడపాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి అని అందులో రాశారు. కానీ ఆ అధ్యాయం అమలులోకి వచ్చింది 1946 జులై 1న. అప్పటి మన సరిహద్దు ఎలా ఉందో చూడండి. సిరొంచ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, చాందా జిల్లాలో ఉంది. నది దాటితే నిజాం రాజ్యం. అది బ్రిటిష్ ఇండియా కాదు కాబట్టి, అక్కడ ఈ చట్టం తనంతట తాను చెల్లేది కాదు. ఇటు ఒడ్డున ఒక చట్టం, అటు ఒడ్డున వేరే రాజ్యం. ఒకే భాష, ఒకే చుట్టరికం ఉన్న మనుషులకు మధ్యలో గీత పడింది. ఆ గీత ఇవాళ పరిహారం విషయంలో లేదు. ఎలా లేదో కింద రాస్తాను.

1956లో చట్టానికి సవరణ చేసి, ప్రమాదాల కోసమే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ పెట్టే దారి తెరిచారు. సివిల్ దావా బదులు ఒక దరఖాస్తు సరిపోతుంది. 1980లో సుప్రీంకోర్టు ముందుకు తమిళనాడు కేసు ఒకటి వచ్చింది, కరుమాయి అమ్మాళ్ కేసు. రాత్రి పూట బస్సు వేలాడుతున్న కరెంటు తీగను తాకి ఎనిమిది మంది అక్కడికక్కడే చనిపోయారు. డ్రైవరు మీద పెట్టిన క్రిమినల్ కేసు కొట్టేశారు. కాబట్టి పరిహారం కూడా ఇవ్వం అంది కంపెనీ. జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. శిక్ష వేయడానికి కావలసిన రుజువు వేరు, పరిహారానికి కావలసిన రుజువు వేరు అని తేల్చారు. ఇప్పటికీ మనవాళ్లు "ఆ కేసు పోయింది, ఇంకేం వస్తుంది" అంటుంటారు. ఆ కేసు పోయినా ఈ హక్కు పోదు.

1982లో ఇంకో అడుగు పడింది. తప్పు ఎవరిదని చూడకుండా చావుకు 15,000, శాశ్వత అంగవైకల్యానికి 7,500 ఇవ్వాలన్నారు. రైల్వే 1943లో చేసిన పని రోడ్డుకు వచ్చేసరికి 39 ఏళ్లు పట్టింది. గుద్ది పారిపోయిన బండి బాధితులకు నిధి కూడా అప్పుడే పెట్టారు. 1988లో కొత్త చట్టం వచ్చింది, 1989 జులై 1 నుంచి అమలైంది. ఇవాళ నడుస్తున్నది అదే, 2019 సవరణలతో.

అదే 1989లో ఇంకో పెద్ద తీర్పు వచ్చింది. ఒక స్కూటరు మనిషిని వేగంగా వచ్చిన కారు గుద్దింది. దారిన పోయే ఒకాయన అతణ్ణి ఎత్తుకుని దగ్గరి దవాఖానకు తీసుకెళ్లాడు. ఇది పోలీసు కేసు, ఇక్కడ చూడం, 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో దవాఖానకు పొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. పేపర్లో ఆ వార్త చదివి పరమానంద్ కటారా సుప్రీంకోర్టుకు వెళ్లారు. ముందు ప్రాణం, తరవాతే పోలీసు కాగితాలు, సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ఇదే ధర్మం అని కోర్టు చెప్పింది. 2016లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కేసులో, గాయపడినవాణ్ణి దవాఖానకు చేర్చినవాణ్ణి పోలీసులు వేధించకుండా మార్గదర్శకాలు వచ్చాయి. 2019 సవరణలో అది చట్టంలోకే చేరింది. 2025 మే నుంచి కేంద్రం క్యాష్‌లెస్ చికిత్స పథకం పెట్టింది. పథకంలో చేరిన దవాఖానల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు లక్షన్నర దాకా వైద్యం. దవాఖానలో చేర్చగానే ఇది అడగండి.

ఇక మన ఊరి సంగతి. ఈ మధ్య మన సభ్యుల్లో ఒకరి ఇంట్లో ప్రమాదం జరిగింది. కుర్రవాడు మోటారు సైకిల్ మీద తన పక్కన తాను పోతుంటే వెనక నుంచి పికప్ గుద్దింది. కాలి ఎముక విరిగింది. నాలుగో రోజున బండి తరఫు మనుషులు పండ్లు పట్టుకుని వచ్చి, ఇరవై వేలు ఇస్తాం, బాండు పేపరు రాసుకుందాం, ఠాణాకు పోవద్దు అన్నారు. సాక్షులుగా మన పెద్దలను పిలిచారు. పెద్దల్లో ఒకరు, "గుద్దినవాడూ పేదవాడే, వాడి పొట్ట కొట్టడం ఎందుకు" అన్నారు. మనసున్న మాటే. కానీ చట్టం ఆ మాటకు 1946లోనే జవాబు చెప్పింది. పేద డ్రైవరు జేబులోంచి పెద్ద పరిహారం రాదు కాబట్టే ఇన్సూరెన్సు తప్పనిసరి చేశారు. డబ్బు ఇచ్చేది కంపెనీ. డ్రైవరుకు సరైన లైసెన్సు లేకపోయినా సరే, ముందు కంపెనీయే బాధితుడికి కట్టి, తరవాత యజమాని దగ్గర వసూలు చేసుకునే దారి 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు చూపింది. డ్రైవరు మీద పోలీసు కేసు ఉంటుంది, నిజమే. ఆ బాధ తప్పించడానికి ఒక కుర్రవాడి కాలు ఇరవై వేలకు అమ్మడం న్యాయం కాదు.

లెక్క చూద్దాం. ఉదాహరణకు 26 ఏళ్ల సెంట్రింగ్ పని కుర్రవాడు, నెలకు 12,000 సంపాదన అనుకుందాం. ఏడాదికి 1,44,000. 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం, 40 ఏళ్ల లోపు సొంత పని చేసుకునేవాడికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలి. 2,01,600 అయింది. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 26 నుంచి 30 ఏళ్ల వాడికి గుణకం 17. మొత్తం 34,27,200. సంపాదించే శక్తి 20 శాతం పోయిందని ట్రిబ్యునల్ తేలిస్తే 6,85,440 రూపాయలు. దవాఖాన ఖర్చు, పడిన నొప్పి, పని లేని నెలల కూలి ఇవన్నీ దీనికి పైన. ఇది ఉదాహరణే, ప్రతి కేసులో ఇంతే వస్తుందని కాదు. కానీ ఇరవై వేలకూ దీనికీ ఎంత దూరమో చూడండి.

రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నాకు బాగా పట్టింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోతుంది. సర్కారు గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. డాక్టరు సర్టిఫికెట్‌లో ఉన్న శాతం ఒక్కటే చూడకూడదు, ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందో చూడాలి. నాలాంటి కుర్చీ ఉద్యోగి కంటే మన కూలి పిల్లల కాలూ చెయ్యీ ఎక్కువ విలువైనవని చట్టమే ఒప్పుకున్నట్టు.

మోటారు సైకిల్ మీద ఉన్నవాణ్ణి ముందే దోషిగా చూడటం ఒక అలవాటు. ముగ్గురు ఎక్కారు, లైసెన్సు లేదు, ఇంకేం కేసు అంటారు. ముగ్గురు ఎక్కడం తప్పే, జరిమానా ఉంటుంది. కానీ 2020లో మహమ్మద్ సిద్దీఖ్ కేసులో, ప్రమాదానికి ఆ ముగ్గురు ఎక్కడమే కారణం అని చూపకుండా పరిహారం కోయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో ప్రమాదంలో వాటా అంటగట్టకూడదని 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో చెప్పింది. మనంతట మనమే వెళ్లి దేన్నో గుద్దుకుంటే మాత్రం ఈ దారి వేరు, అప్పుడు మన పాలసీలో ఉన్న వ్యక్తిగత ప్రమాద బీమాయే ఆధారం.

ఇప్పుడు సరిహద్దు మాట. కాళేశ్వరం వంతెన వచ్చాక మనవాళ్లు మోటారు సైకిళ్ల మీద మహదేవపూర్, భూపాలపల్లి పోయి వస్తున్నారు. అక్కడ ప్రమాదమైతే అక్కడి కోర్టుకే తిరగాలని భయపడతారు. అక్కరలేదు. ప్రమాదం జరిగిన చోట, లేదా మనం ఉండే చోట, లేదా ఎదుటివాడు ఉండే చోట, మూడింటిలో ఎక్కడైనా దరఖాస్తు వేయవచ్చు. తెలంగాణలో దెబ్బ తగిలినా గడ్చిరోలిలో వేసుకోవచ్చు. ఎఫ్ఐఆర్ కూడా ఏ ఠాణాలోనైనా ఇవ్వవచ్చు, వాళ్లే సంబంధిత ఠాణాకు పంపాలి.

చేయవలసిన పనులు వరసగా చెప్తాను. ముందు దవాఖాన. అక్కడ ప్రమాదం అనే రాయించండి, "కింద పడ్డాడు" అని రాయించవద్దు. గుద్దిన బండి నంబరు, ఫోటో తీసి పెట్టుకోండి. ఎఫ్ఐఆర్ ఇచ్చి నకలు తీసుకోండి. ఆలస్యమైనా ఇవ్వండి. ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమ్ కొట్టేయకూడదని 2011లో రవి కేసులో తీర్పు ఉంది. పంచనామా, బిల్లులు, ఎక్స్‌రేలు, కూలి రుజువులు దాచండి. 2022 ఏప్రిల్ నుంచి పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. అదే తేదీ నుంచి దరఖాస్తుకు ఆరు నెలల గడువు పెట్టారు. దాని మీద కోర్టుల్లో వాదం నడుస్తోంది, ఆ వాదం నమ్ముకుని కూర్చోవద్దు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే చావుకు 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఉంది. దానికి తహసీల్ లేదా సబ్ డివిజన్ ఆఫీసులో అడగాలి. వకీలుకు డబ్బు లేకపోతే గడ్చిరోలి జిల్లా న్యాయసేవా ప్రాధికరణలో అడగండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు అక్కడ ఆదాయం చూడకుండానే ఉచితం.

రాజీ అనేదే తప్పు అని నేను అనడం లేదు. లోక్ అదాలత్‌లో, జడ్జి ముందు, కంపెనీ వకీలు ఎదురుగా, లెక్క వేసుకుని చేసే రాజీకి కోర్టు తీర్పు విలువ ఉంది. దవాఖాన మంచం పక్కన, నొప్పిలో ఉన్నవాడి చేత చేయించే రాజీ వేరు. ఆ కాగితమే రేపు కంపెనీ వకీలు చేతిలో మన మీదికి వస్తుంది.

ఇంకో మాట. నేను తమిళ మీడియంలో చదువుకున్నవాణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇక్కడ ఆఫీసుల్లో మరాఠీ. చదవలేని లిపిలో ఉన్న కాగితం ముందు మనిషి ఎంత చిన్నబోతాడో నాకు తెలుసు. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది మరాఠీ మాట్లాడతారు, చదవలేరు. బాండు పేపరు మరాఠీలోనే ఉంటుంది. "ఇకపై ఎలాంటి హక్కు అడగను" అనే వాక్యం అందులో ఎక్కడ ఉందో వాళ్లకు తెలియదు.

కాబట్టి వచ్చే మీటింగులో మూడు విషయాలు పెడుతున్నాను. ఒకటి, ప్రమాదం కేసుల్లో బయట రాసుకునే బాండు పేపరుకు సంఘం తరఫున ఎవరూ సాక్షి సంతకం పెట్టకూడదు. రెండు, మరాఠీ బాగా చదవగల ఇద్దరు యువకులను పెట్టుకుని, ఏ కాగితమైనా ముందు వాళ్లచేత తెలుగులో చదివించుకోవాలి. మూడు, ఎవరికి ప్రమాదమైనా మొదటి వారంలో ఒకరు వెంట ఠాణాకు, దవాఖానకు పోవాలి. దీనికి డబ్బు అక్కరలేదు, మనిషి తోడు చాలు. ఒప్పుకునేవాళ్లు మీటింగుకు తప్పకుండా రండి. ఒప్పుకోనివాళ్లు కూడా రండి, ఎదురెదురుగా మాట్లాడుకుందాం.