మొద్దుబారిన పాదానికి చెప్పే రక్ష

పాతపట్నం: అరికాలికి స్పర్శ తగ్గినవారికి నేల ఎక్కడ ఎత్తో, ఎక్కడ పల్లమో తెలియదు. ముల్లు గుచ్చుకున్నా నొప్పి ఉండదు. పుండు పడ్డాకే గమనిస్తారు. ముదిరితే కాలు తీసివేయవలసి రావచ్చు. దీర్ఘకాల మధుమేహం, కుష్ఠు, మూత్రపిండాల వ్యాధి, బి12 విటమిన్ లోపం, అతిగా మద్యం సేవించడం ఇందుకు ప్రధాన కారణాలు. పోయిన స్పర్శను చెప్పులు తిరిగి ఇవ్వలేవు. అయితే తగిన పాదరక్షలు, ఊత పరికరాలతో పుండ్లను నివారించవచ్చు, నడకలో తూలడం తగ్గించుకోవచ్చు.

వేలూరు కృషి ఫలితం
కుష్ఠు రోగుల పాదాలు చెడిపోవడానికి నొప్పి తెలియక పదేపదే గాయపడటమే ముఖ్య కారణమని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ చాటిచెప్పారు. శరీర బరువును అరికాలంతటా పంచే ఎంసీఆర్ రబ్బరు చెప్పులు అటువంటి కృషితోనే వ్యాప్తిలోకి వచ్చాయి. నేడు మధుమేహ రోగులకూ వీటిని సూచిస్తున్నారు.

చెప్పు ఎలా ఉండాలి?
లోపలి అట్ట మెత్తగా, అడుగు అట్ట ముల్లు దిగనంత గట్టిగా ఉండాలి. మడమ వెనుక పట్టీ తప్పనిసరి. బొటనవేలి సందున దూర్చే పట్టీ, మేకులు ఉండరాదు. వాపును బట్టి బిగించుకునే వీలుండాలి.

పాదం వాలిపోతే
మోకాలి కింద బయటివైపు నరం దెబ్బతింటే పాదం ముందుభాగం వేలాడుతుంది. వేళ్లు నేలకు తగిలి పడిపోయే ప్రమాదముంది. ఏఎఫ్‌ఓ అనే ప్లాస్టిక్ ఊత పాదాన్ని పైకి నిలిపి, చీలమండకు స్థిరత్వమిస్తుంది. కొలతలు తీసి చేయించుకున్నదే వాడాలి.

జాగ్రత్తలు
కొత్తది మొదట గంటసేపే ధరించి, తీసి చూడాలి. అరగంట దాటినా ఎర్రదనం పోకుంటే సరిచేయించాలి. రోజూ అద్దంతో అరికాలు పరీక్షించుకోవాలి. చెప్పులు దులిపి తొడగాలి. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. ఎండవేళ గుడి బండలపై వట్టికాళ్లతో నడవరాదు. నీలమణి దుర్గమ్మ దర్శనానికి ఉదయమో సాయంత్రమో వెళ్లడం మేలు. పుండు ఉంటే నడక తగ్గించి వైద్యుణ్ని కలవాలి.

ఎక్కడ లభిస్తాయి?
స్పర్శ కోల్పోయిన కుష్ఠు బాధితులకు జాతీయ కార్యక్రమం కింద ఎంసీఆర్ చెప్పులు ఉచితం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లేదా ఆశా కార్యకర్తను అడగాలి. కటక్ సమీపంలోని ఓలట్‌పూర్‌లో 1975లో ఏర్పడిన జాతీయ పునరావాస సంస్థలో ఊత పరికరాలు తయారు చేస్తారు. కుష్ఠు నయమైనవారిని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది.

చెప్పును చూసి జబ్బును పసిగడతారన్న బిడియంతో కొందరు వాటిని మూలన పడేస్తున్నారు. మామూలు చెప్పుల్లా కనిపించే నమూనాలూ ఉన్నాయి. ఇంట్లోనూ, పొలం గట్టుపైనా ధరిస్తేనే పాదం నిలుస్తుంది.