పగడాల పేరు, గోదావరి బురద, ఒక ఫ్రెంచి గొట్టం



మన సంఘం కుర్రాళ్లు కొందరు అండమాన్ వెళ్తున్నారని, అక్కడ స్కూబా డైవింగ్ చేస్తారని మొన్న మీటింగులో తెలిసింది. అప్పుడు ఒక పిల్లవాడు నన్నడిగాడు, “తాతగారూ, మనకీ సముద్రం దగ్గరేగా, యానాం దగ్గర పగడాలు ఎందుకు లేవు?” అని. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే అది మూడు వందల ఏళ్ల కథ అయింది. ఓపికగా చదవండి.

ముందు పగడం సంగతి. మన అమ్మమ్మల మెడల్లో ఉండే ఎర్ర పగడం మన సముద్రంలో పుట్టింది కాదు. ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చేది. అక్కడి జాలర్లు అడ్డకర్రలకు వలలు కట్టి సముద్రం అడుగున ఈడ్చేవారు. విరిగి చిక్కుకున్న కొమ్మలు ఇటలీలోని లివోర్నో, ఫ్రాన్సులోని మార్సెయ్ లాంటి రేవుల నుంచి ఓడలెక్కేవి. బదులుగా ఇక్కణ్నుంచి ఏం వెళ్లేదనుకున్నారు? మన గోల్కొండ వజ్రాలు! కృష్ణా తీరంలో కొల్లూరు గనుల్లో మనవాళ్లు తవ్వినవి. పగడం దిగుమతి, వజ్రం ఎగుమతి. ఈ వ్యాపారం కోసం లండన్ యూదు వర్తకులు 17వ శతాబ్దంలోనే మద్రాసులో స్థిరపడ్డారు. వారిలో జాక్ డి పైవా అనే ఆయన గోల్కొండ గనుల దాకా వెళ్లి వచ్చి, 1687లో మద్రాసులోనే చనిపోయాడు. జార్జిటౌన్‌లో ఇప్పటికీ పవళక్కారన్ వీధి ఉంది. పవళం అంటే తమిళంలో పగడం. చిన్నప్పుడు తమిళంలో చదువుకున్న నాకు ఆ పేరు చూడగానే అర్థమైంది గానీ, దాని వెనక గోల్కొండ ఉందని తెలియడానికి రిటైర్ అవ్వాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక పొరపాటు కూడా దిద్దాలి. కోరమాండల్ అన్న పేరు కోరల్ నుంచి వచ్చిందని కొందరు అంటుంటారు. కాదు. అది చోళమండలం.

ఇక నీటిలో మునగడం. మన్నార్ సింధుశాఖలో ముత్యాల కోసం మునిగేవారిని తమిళంలో ముత్తుక్కుళిత్తల్ చేసేవారంటారు. మాటకు అర్థం ముత్యాల స్నానం. చేసేది మాత్రం ప్రాణాలతో చెలగాటం. బరువుకి ఒక రాయి, నడుముకో తాడు, గుండెల నిండా ఒక్క ఊపిరి, అంతే. జూల్ వెర్న్ అనే ఫ్రెంచి రచయిత 1870 ప్రాంతంలో రాసిన సముద్రపు నవలలో కెప్టెన్ నెమో సింహళం దగ్గర ఇలాంటి ఒక పేద భారతీయుణ్ని సొరచేప నుంచి కాపాడతాడు. ఆ నెమో కూడా భారతీయ రాకుమారుడేనని ఆయన తరవాతి నవలలో బయటపడుతుంది. ఆ కథలో నెమో వాడే గాలి పెట్టె పూర్తిగా కల్పన కాదు. రూకెరోల్, దెనెరూజ్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు 1860లలో నిజంగానే అలాంటి పరికరం చేశారు.

కానీ అందరికీ పనికొచ్చే పరికరం 1943లో వచ్చింది. ఫ్రాన్సు జర్మన్ల చేతిలో ఉంది. పెట్రోలు దొరకదు, కార్లు గ్యాసు మీద నడిపేవారు. ఇంజనుకు కావలసినంత గ్యాసు మాత్రమే వదిలే ఒక వాల్వును ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు చేశాడు. నౌకాదళంలో ఉన్న జాక్ కుస్తో దగ్గరకు ఆ పని వచ్చింది. ఇద్దరూ కలిసి దాన్ని మనిషి ఊపిరికి సరిపోయేలా మార్చారు. పీల్చినప్పుడే గాలి వస్తుంది, చుట్టూ నీటి ఒత్తిడి ఎంత ఉంటే గాలి కూడా అంతే ఒత్తిడితో వస్తుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. కాబట్టి ఈ లెక్క కుదరకపోతే ఛాతీ గాలి పీల్చుకోలేదు. అప్పటికి మన యానాం కూడా ఫ్రెంచి జెండా కిందే ఉంది. 1954 జూన్ 13న మనం విడుదలయ్యాం. రెండేళ్లకు, 1956లో, కుస్తో తీసిన సముద్రపు చిత్రానికి కాన్ ఉత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది. నీటి కింద పగడాల తోటలు ఎలా ఉంటాయో లోకంలో చాలామంది మొదటిసారి చూసింది అందులోనే.

ఇప్పుడు పిల్లవాడి ప్రశ్న. దిబ్బలు కట్టే పగడం రాయి కాదు, చిన్న చిన్న జీవుల కాలనీ. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు ఉంటుంది. అది ఎండతో ఆహారం తయారుచేసి పెడుతుంది. అందుకని పగడానికి ఎండ దిగే తేట నీరు, ఉప్పు తగ్గని నీరు కావాలి. మన గౌతమి తెచ్చేదేమిటి? వరద నీరు, ఒండ్రు. ఆ బురద మీద పడితే పగడం ఊపిరాడక చస్తుంది. కానీ ఆ బురదే మనకు కోరింగ మడ అడవులను ఇచ్చింది, ఆ ఎర్రనీటికి ఎదురీదే పులసను ఇచ్చింది. ఒకే చోట పులసా పగడమూ రెండూ కావాలంటే కుదరదు బాబూ.

ఆ పగడాల దగ్గర మనవాళ్లే ఉన్నారు. అండమాన్ నికోబార్‌లో 2011 లెక్కల ప్రకారం సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. విశాఖ నుంచి ఓడలో వెళ్లి చేపల వేటలో, కూలి పనుల్లో, దుకాణాల్లో స్థిరపడ్డవాళ్లు. మీకు అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 నుంచి శ్రీ విజయపురం, హేవ్‌లాక్ పేరు 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. వండూరు దగ్గరి సముద్ర జాతీయ పార్కు 1983 నుంచి ఉంది.

కానీ ఆ తోట మునుపటిలా లేదు. 2004 సునామీ తెచ్చిన భూకంపానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, దిబ్బలు గాలిలోకి వచ్చి చచ్చిపోయాయి. 2010లో నీరు వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువై కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం తన నాచును వదిలేస్తుంది. అన్నం పెట్టేవాణ్ని ఇంట్లోంచి పంపేసినట్టు. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా ఇది నాలుగోసారి జరుగుతోందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన్నార్‌లో అయితే మనుషులే సున్నం కోసం, కట్టడాల కోసం పగడాలు తవ్వేశారు. అక్కడి 21 ద్వీపాల్లో రెండు నీటమునిగాయి.

నా తప్పు కూడా చెప్పుకుంటాను. మా షోకేసులో ఒక తెల్ల పగడపు ముక్క ఉంది. చాలా ఏళ్ల క్రితం రామేశ్వరంలో ఒక వీధి దుకాణంలో కొన్నాను. అందంగా ఉందనుకున్నాను. అరచేతంత ముక్క. చాలా రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరుగుతాయి. అంటే నేను కొన్నది ఎన్నో ఏళ్ల ప్రాణం. 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ. కొనడం, తేవడం నేరం.

కాబట్టి వెళ్లే పిల్లలకు నాలుగు మాటలు. నీటిలో ఊపిరి బిగపట్టొద్దు, మెల్లగా పైకి రండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉంటే ఫారంలో దాచొద్దు. డైవ్ అయ్యాక కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు విమానం ఎక్కొద్దు. పగడం మీద కాలు పెట్టొద్దు, చెయ్యి వెయ్యొద్దు, ముక్క తేవొద్దు.

మా అమ్మమ్మ పగడాల దండకు ఓ వజ్రం వెల ఎవరో చెల్లించారు. మీకు అండమాన్ చూపించడానికి ఓడ టికెట్టు చాలు. మీ పిల్లలు వెళ్లేనాటికి అక్కడ ఏం మిగులుతుందన్నది మాత్రం మన చేతుల్లో కూడా కొంత ఉంది. వచ్చాక చూసింది సంఘంలో చెప్పండి, నేను ముందు వరసలో కూర్చుంటాను.

తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.